వారానికి అరకిలో

“ఈ పిల్లకేదో రోగం పట్టింది. లేకుంటే గిట్ల కరిగిపోతదా?”

చర్చికి కట్టుకున్న చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టి, స్వరూప కాంటా మీదికి వంగి చూసింది. దాని మీద నిలబడ్డ కూతురు బేబీ పకపకా నవ్వింది.

“నలభై తొమ్మిదున్న మమ్మీ. డాక్టరమ్మ ఏమన్నది? మన ఇద్దరి ఎత్తుకు నలభై అయిదుకు, యాభై అయిదుకు నడుమ ఎక్కడున్నా మంచిదే అన్నదా, లేదా?”

“పోయిన నెల యాభై ఒకటుండె. వారం వారం అరకిలో పోతున్నది. గిట్లనే పోతే క్రిస్మస్‌కు ఏం మిగుల్తవే? ప్రభువా, టీబీ గిట్ల కాదు గదా!”

“నువ్వు గూడ వారానికి అరకిలో తగ్గుతున్నవు. నీకు గూడ టీబీయేనా?”

“నోర్ముయ్. నాది కష్టం.”

కష్టమే మరి. మోకాళ్ల నొప్పులని బస్తీ దవాఖానకు పోతే, డెబ్బై రెండు కిలోలున్న స్వరూపతో డాక్టరమ్మ, “ఒక్కసారే యాభై అయిదుకు దూకాలని చూడొద్దమ్మా. వారానికి అరకిలో చాలు. ముందు మూడు నాలుగు కిలోలు పోనీ” అంది. ఆ సాయంత్రమే ప్రకాశం, ముల్లు తిరిగే చిన్న కాంటా ఒకటి పెళ్లానికి కొనుక్కొచ్చాడు. ఉస్మాన్‌గంజ్ బెల్లం దుకాణంలో తూకం వేసే మనిషాయన. ఆయన చెయ్యి పడితే రవ్వంత తేడా రాదని బజారంతా చెప్పుకుంటుంది. ఆదివారం పొద్దున్నే ఈ కాంటా తుడిచి పెట్టేది కూడా ఆయనే.

మొదటి వారం ముల్లు కదల్లేదు. “నాతోని కాదు” అని స్వరూప గోడవైపు తిరిగి ఏడ్చింది, ఆ పూట అన్నం కూడా ముట్టలేదు. రెండో వారం అరకిలో దిగింది. ఇంక ఆమెకు పట్టపగ్గాల్లేవు. పొద్దున్నే ఫలక్‌నుమా స్టేషన్ దాకా నడక, పూరీలు బంద్, చాయ్‌లో చక్కెర బంద్. జాకెట్టు మాత్రం ఇంకా పట్టేసినట్లే ఉంది. ఉతికితే బట్ట ముడుచుకుందని ఇరుగమ్మకూ పొరుగమ్మకూ తనే చెప్పుకుంది.

“రేపటి నుంచి నీ ఉరుకుడు బంద్” అని తేల్చేసింది స్వరూప.

బేబీ నవ్వు ఆగిపోయింది. “మమ్మీ! కానిస్టేబుల్ పరుగు పరీక్ష వచ్చే వారమే!”

“పానముంటే మళ్ల ఉరుకుదువు. రేపు పెద్దాసుపత్రి. అన్ని పరీక్షలు చేపిస్త.”

“ఏడాది నుంచి ఉరుకుతున్న మమ్మీ! డాడీ, నువ్వన్న చెప్పు!”

ప్రకాశం గడపలో కూర్చుని, సాసర్‌లో పోసుకున్న చాయ్ వైపే చూస్తున్నాడు.

“ఏందయ్యా, ఊరందరికీ తూకం చెప్తవు. కన్నబిడ్డ కరిగిపోతుంటే నీకు నోరు లేవదా?”

చర్చి గంట మోగి ఆగింది. చాయ్ మీద మీగడ కట్టింది. ఆయన గుమ్మం పక్కనున్న బేబీ బూట్ల వైపు చూశాడు. కాంటా వైపు చూశాడు. సాసర్ కింద పెట్టాడు.

“ఆ ముల్లు నేనే వెనక్కి జరుపుతున్న, స్వరూపా.”