చవకైన పిస్తోలు

“కాకా, తక్కువ ధరల మంచి పిస్తోలు ఏది దొరుకుతది?”

భూమేష్ అడిగిన తీరుకు బహ్రెయిన్‌లోని మామీర్ లేబర్ క్యాంపు వంటగదిలో అందరి చేతులూ ఆగిపోయాయి.

శుక్రవారం. డ్యూటీ లేదు. ముత్తన్న ఒక్కడే తలెత్తకుండా ఉల్లిగడ్డలు కోస్తున్నాడు.

“ఎవర్ని కాలుస్తవ్?” అన్నాడు చివరికి.

“మా చిన్నాయన కొడుకు పరశురాంను. ఎనిమిది రోజుల్ల ఊరికి పోతున్న గదా, పోంగనే ఆ పనే.”

క్యాంపులో తుపాకుల సంగతి అడగాలంటే ముత్తన్ననే అడగాలి. అది అందరి నమ్మకం. ఆరేళ్ల కింద ఆయన ఏదో తుపాకీ హత్య కేసులో కోర్టు చుట్టూ తిరిగాడనీ, ఆ తర్వాతే బహ్రెయిన్ వచ్చాడనీ, ఆయన పక్కూరి వెంకటి చెప్పాడు. ముత్తన్న అవుననలేదు, కాదనలేదు. నవ్వడు, నలుగురిలో కలవడు. ఇంకేం కావాలి? హంతకుడని మనవాళ్లు ఖాయం చేసేశారు.

“ఏం చేసిండు పరశురాం?”

“రోడ్డు పక్క నా జాగల హద్దురాళ్ల లెక్క కడీలు పాతిండు. ఇదేందని అడిగినందుకు నా పెండ్లాం వినోదను నలుగుర్ల చెంప మీద కొట్టిండు.”

“పోలీసులకు చెప్పలేదా?”

“చెప్పినం. స్టేషన్ల పరశురాం కుర్చీల కూసున్నడు, నా పెండ్లాం గోడకు నిలబడ్డది. గట్లున్నది మన బతుకు. పెద్దమనుషులు గూడ వాని దిక్కే. ఇగ ఎవ్వని కాళ్లు మొక్క. జైలుకు పోతె పోత!”

ముత్తన్న కత్తి పక్కన పెట్టాడు.

“పిల్లలెంత మంది?”

“ఒక్కతే బిడ్డ. ఏడేండ్లు.”

“వానికి?”

“వానికెందరుంటె నాకేంది? నేనడిగింది పిస్తోలు సంగతి. చెప్తె చెప్పు, లేకుంటె లే.”

ముత్తన్న చేతులు తుడుచుకుని, ఒక అట్టముక్క మీద ఫోన్ నంబరు రాసిచ్చాడు.

“ఉమారాణి అని ఉంటది, జగిత్యాలల. ఊరికి పోయినంక ఆమెను అడుగు. కొనమంటె కొను. వద్దంటె ఇడిసిపెట్టు.”

“వద్దనెతందుకు ఆమె ఎవరు?” భూమేష్‌కు తిక్కరేగింది. “నువ్వు మాత్రం చంపొచ్చు, నేను చంపొద్దా? ముసలితనంల నీతులు మోపైనయి!”

ఎవరో కిసుక్కుమన్నారు. ముత్తన్న మళ్లీ ఉల్లిగడ్డలు అందుకున్నాడు.

నాలుగో రోజు సిత్రా సైటులో, పని మీదుండగానే ముత్తన్న కుప్పకూలాడు. ఆస్పత్రికి చేరేసరికే ప్రాణం పోయింది.

శవాన్ని ఊరికి పంపాలంటే ఇంటివాళ్ల సంతకం కావాలన్నాడు క్యాంపు బాస్ రామ్‌ప్రసాద్. “కాగితం రాకపోతే ఖలాస్. ఇక్కడే పాతిపెడతారు.”

వెంకటి ముత్తన్న ఇంటికి ఫోన్ కలిపాడు. స్పీకర్‌లో అందరూ విన్నారు.

“మా లెక్కల ఆయన ఎన్నడో సచ్చిండు. ఏం చేసుకుంటరో చేసుకోండ్రి,” అంది ఆయన భార్య.

మళ్లీ చేస్తే ఎత్తలేదు.

“హంతకుని శవం ఎవరు ముట్టుకుంటరు లే,” అన్నాడు వెంకటి.

భూమేష్‌కు ఒళ్లు మండింది.

“నోర్ముయ్! ఆరేండ్లు మనతోని కూసోని బువ్వ తిన్నడు. ఎవ్వడొద్దన్నా సరే, ఆయన ఊరికి పోవాలె!”

అట్టముక్క బయటికి తీశాడు. ఇంటివాళ్లు కాక, ముత్తన్నకు ఊరి దిక్కు తెలిసిన మనిషి ఆమె ఒక్కతే మరి.

“ఉమారాణమ్మ మీరేనా? బహ్రెయిన్‌ల ముత్తన్న నంబరిచ్చిండు.”

“పిస్తోలు అడిగిన పిలగానివా?” అంది ఆమె. “చెప్పిండు నాకు. ‘వాడు మొండోడు, నా మాట ఇనడు, నీ మాటన్న ఇంటడేమో’ అన్నడు.”

భూమేష్ ఎట్లాగో జరిగింది చెప్పాడు.

అవతల చాలాసేపు ఏడుపు తప్ప ఇంకేం వినిపించలేదు.

“సంతకం సంగతి నాకిడిసిపెట్టు,” అంది చివరికి. “ఆయన పెండ్లాం ఎట్ల పెట్టదో నేను చూస్త. ఆమె గడప ముంగట కూసుంట, పెట్టినంకనే లేస్త. ఎవ్వరు రాకున్నా హైదరాబాద్‌కు నేనొస్త, నేనే దించుకుంట.”

“ఆయన వెంబడి నేనొస్త. నా టికెట్ ముందుకు జరుపుకుంట.”

“రా. పిస్తోలు మాత్రం వద్దు. నీ జాగ కోసం కోర్టుల కొట్లాడు. నీ తోడు నేనుంట.”

“గా సంగతి వచ్చినంక మాట్లాడుదం,” అన్నాడు భూమేష్. వాడి మొండితనం ఇంకా చావలేదు. “ఇంతకు మీరు ఆయనకేమైతరమ్మా? చెల్లెనా, బిడ్డనా?”

“ఏం గాను.”

“మరి గింత ఏడుస్తున్నరు?”

“ఆ తుపాకి కేసు నాదే తమ్మీ. పొలం గట్టు కొట్లాటల నా పెనిమిటిని పిస్తోలుతోని కాల్చి చంపిండ్రు. ఊరంత చూసింది. ఒక్కడన్న నోరు తెరవలే.”

“ముత్తన్న కాల్చిండా?”

“ఆయన జిందగిల పిస్తోలు ముట్టలే, ఊరంత ఒకటై బెదిరిచ్చినా జడ్జి ముంగట నిలబడి, ‘వీడు నా కన్నకొడుకే, వీడే కాల్చిండు’ అని సాక్ష్యం చెప్పింది ఆయనొక్కడే.”