శుక్రవారం పూట

గుడిలో అందరూ నన్ను అబద్ధం ఎరగని మనిషి అంటుంటే తల వంచుకోవాల్సి వస్తోంది. అందుకే ఈ కార్డు రాస్తున్నాను.

సింగపూర్ టాంపినీస్‌లో మా పక్క ఫ్లాట్ నవత 2000 సంవత్సరానికి కంప్యూటర్లలో తేదీలు సరిచేసే వైటూకే పనులు ముగిశాక సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి సెలవు పెట్టి, పెద్ద గోల్ఫ్ టోర్నమెంటులో దిగింది. ఆమె బ్యాగు మోసే క్యాడీకి జ్వరం రావడంతో ఆ బ్యాగు నేను మోశాను.

రెండో రోజు, శుక్రవారం, చివరి గుంట దగ్గరికొచ్చాం. ఈ దెబ్బకి బంతి అందులో పడితేనే మిగతా రెండు రోజులూ ఆడనిస్తారు. లేకపోతే సోమవారం నుంచి మళ్లీ ఆఫీసే. నవత నావైపు తిరిగింది.

"ఆంటీ, స్కోరు బోర్డు చూశారా? ఇది మిస్సయితే నేను అవుటేనా?"

"లేదమ్మా, నువ్వెప్పుడో గట్టెక్కేశావు. ఊరికే కొట్టెయ్."

"నిజంగా?"

"శుక్రవారం పూట అబద్ధం ఆడతానా తల్లీ?"

కొట్టింది. బంతి గుంట అంచున కాసేపు ఆలోచించి, లోపల పడింది.

తిరిగొచ్చేటప్పుడు రైల్లో చెంపలేసుకుని నిజం చెప్పేశాను. నవత పకపకా నవ్వింది.

"బోర్డు మీ భుజం వెనకాలే ఉందాంటీ. మీరు చెప్పగానే చూశా. పులిహోరలో ఉప్పు తక్కువైతే మెల్లిగానైనా చెప్పేసే మీరు, నాకోసం శుక్రవారం పూట అబద్ధమాడారు! మిమ్మల్ని పాపంలో పడేయకూడదని, మీ మాట నిజం చేద్దామని గురి చూసి కొట్టా."

దేవుడు దీన్ని అబద్ధం కింద రాసుకున్నాడో లేదో తెలియదు. ఈ కార్డు ఆయన పటం వెనకే పెడుతున్నాను. దొరికినవాళ్లు అక్కడే ఉంచండి. గుడిలో మాత్రం ఎవరికీ చూపించకండి.