మంగతాయారు గ్లౌజులు

ఆత్రేయపురంలో ఒక షెడ్డులో పూతరేకులు తీసే ఆడవాళ్లందరికీ యజమాని వేళ్లని కదిపే కరెంటు గ్లౌజులు తెచ్చాడు. వాటికి బలమెక్కువ. వేడి కుండ మీంచి తీస్తుంటే రేకులన్నీ చిరిగేవి. కీళ్లవాతమున్న మంగతాయారు అందరికన్నా ముందునుంచీ, ఏళ్లుగా వేసుకుంటున్న గ్లౌజులు మాత్రం ఆమె నొప్పిని చూసి మెత్తగా పట్టుకోవడం నేర్చుకున్నాయి. ఆమె తీసిన రేకు చిరగదు.

యజమాని ఆ నేర్పుని అందరి గ్లౌజుల్లోకీ ఎక్కించాడు. మర్నాడు రేకులు చక్కగా వచ్చాయి. అంతలో గ్లౌజులన్నీ ఒక్కసారే ఆగిపోయాయి.

"ఏమైంది పిన్నిగారూ?" యజమాని మంగతాయారుని అడిగాడు.

"ఇది నా వేళ్లకి విశ్రాంతినిచ్చే వేళ బాబూ. అదీ నేర్చుకున్నాయి."

"ఆ ఒక్కటీ తీసేయిస్తాను."

"తీసెయ్యి. రెండూ ఒకే నొప్పి నేర్పినవి, రేకులు మళ్లీ చిరుగుతాయి."

యజమాని గ్లౌజుల్ని అలాగే ఉండనిచ్చాడు. ఆ షెడ్డులో ఆడవాళ్లు పనివేళ కూర్చుని టీ తాగడం అదే మొదలు. మొదటి గ్లాసు మంగతాయారుకిచ్చారు.