బోణీ చెయ్యి

పొద్దున్నే మొదటి బేరం పడేదాకా అంకమ్మరావు కొట్టులో దేన్నీ ముట్టుకోకూడదు.

గుడ్డ తాను ముట్టుకోకూడదు. గజం బద్ద ముట్టుకోకూడదు. అగరొత్తి వెలిగించకూడదు. వెనక గదిలో ఖాళీ గోనెసంచుల మీద కూచుని, బోణీ అయిందన్న కేక వినపడ్డాకే బయటికి రావాలి.

సర్కారు గుడ్డ మీద కంట్రోలు ఎత్తేసి, సరుకు మళ్లీ బజార్లోకి వచ్చిన ఏడాది అది. బెజవాడలో రామకోటేశ్వరరావు గారి గుడ్డల కొట్టులో ఒక్కసారి, ఒకే ఒక్కసారి, అంకమ్మరావు చేత్తో బోణీ జరిగింది. పంచెల చాపు అమ్మాడు. మధ్యాహ్నానికి గాలివాన వచ్చి, కొట్టు ముందు పందిరి లేచిపోయి కృష్ణ అవతలి ఒడ్డున పడింది. అందులో కాపురం పెట్టినవాళ్లు కూడా ఉన్నారంటారు. ఆ రోజు ఇంకో మనిషి గడప తొక్కలేదు.

"నీ చెయ్యి మంచిది కాదురా అబ్బాయ్," అన్నారు షావుకారు.

"చెయ్యి అలాంటిదైతే పాపం అతనేం చేస్తాడు లెండి," అన్నాడు తోటి గుమాస్తా మార్కండేయులు.

ఆ జాలే కొంప ముంచింది. మర్నాటి నుంచి అంకమ్మరావు తమలపాకు ఇస్తే ఇప్పుడే వేసుకున్నామని మిగతా గుమాస్తాలు నోరు మూసుకునేవారు. కత్తెర అందిస్తే, "కింద పెట్టవయ్యా, నేను తీసుకుంటాగా," అనేవారు. అతను మంచినీళ్లు ముంచిన కుండలో మధ్యాహ్నం దాకా ఎవరికీ దాహం వేసేది కాదు.

మార్కండేయులు చెయ్యి సంగతి వేరు. సోమవారం తెల్లారేసరికి, ముక్కు కంటే పెద్ద ముక్కుపుడకావిడ హనుమాన్ జంక్షన్ నుంచి వచ్చి మెట్ల మీద కూచునేది. బుధవారం, దారంతో కట్టిన కళ్లజోడావిడ. శుక్రవారం, చేతికర్ర టకటకలాడించుకుంటూ మైలవరం ఆవిడ. ఎవరొచ్చినా తీసుకునేది ఒక్క రవికెల గుడ్డే. ఆ గుడ్డ మటుకు మార్కండేయులే చింపాలి.

"నీ చెయ్యి చల్లన నాయనా, నీ దగ్గర కొన్నాక మా గేదె ఈనింది," అనేది ముక్కుపుడకావిడ.

షావుకారు పొంగిపోయేవారు. దసరాకి మార్కండేయులుకి జరీ కండువా కప్పారు. తన పక్కన పరుపు మీద చోటిచ్చారు.

ఒక బుధవారం మార్కండేయులు జ్వరమొచ్చి రాలేదు. వింతేమిటంటే కళ్లజోడావిడ కూడా రాలేదు.

"చూశావా, చెయ్యి లేదని మనిషికి అక్కడికే తెలిసిపోయింది," అన్నారు షావుకారు, గుడికి బయల్దేరుతూ.

ఆయన అటు వెళ్లారు, పామర్రు రైతు ఒకాయన ఇటు దిగాడు. కూతురి పెళ్లికి బట్టలు కావాలి. మిగతా గుమాస్తాలు ఇంకా రాలేదు. కొట్టులో ఉన్నది అంకమ్మరావొక్కడే.

"కాసేపు కూచోండి, వస్తారు," అన్నాడు.

"ఎవరొస్తారయ్యా? నువ్వు లేవూ?"

"నేనున్నా లేనట్టేనండీ."

రైతు అతన్ని ఎగాదిగా చూసి ఎదురు కొట్టులోకి వెళ్లాడు. రెండు మూటలు కట్టించుకుని బండెక్కాడు. గుడి నుంచి వస్తూ షావుకారు ఆ మూటలు చూశారు.

"చెయ్యి సరే, ఇప్పుడు నోరు కూడా తగలెట్టావా?"

ముట్టుకుంటే తప్పు, ముట్టుకోకపోతే తప్పు. గోనెసంచుల మీద కూచుని అంకమ్మరావు తన అరచేతులకేసి చూసుకునేవాడు. చూసి చూసి, నమ్మేశాడు.

ఇంట్లో ఆవకాయ జాడీ దగ్గరికి పోవడం మానేశాడు. తలుపు గడియ భార్య పున్నమ్మ చేతే పెట్టించేవాడు. అయిదు నెలల కూతురుంది. దాన్ని ఇంతవరకూ ఎత్తుకోలేదు. పిల్ల ఏడిస్తే రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, ఉయ్యాల పక్కన నిలబడి పాట పాడేవాడు.

"పాట కాదు, పిల్లని ఎత్తుకోండి. అన్నం మాడుతోంది," అనేది పున్నమ్మ.

"మాడనీ. మాడిన అన్నం తినొచ్చు. పిల్లకేమన్నా అయితే?"

అన్నప్రాసన దగ్గరపడింది. వాళ్లింట్లో మొదటి ముద్ద తండ్రే పెట్టాలి. అంకమ్మరావు మూడు రోజులు నిద్ర లేకుండా ఆలోచించి, ఆదివారం కొట్టు సెలవని చెప్పి భార్యని బయల్దేరదీశాడు.

"ఎక్కడికి?"

"మార్కండేయులు ఇంటికి. ఆ ముద్ద అతన్ని పెట్టమని అడుగుతా."

పున్నమ్మ పిల్లని చంకనేసుకుని దారి పొడుగునా ఊరుకోలేదు.

"పురుడు కూడా ఆయన పెళ్లాం చేతే పోయించుకోవాల్సింది. పోనీ నన్ను కూడా ఏలుకోమని అడగరాదూ."

అంకమ్మరావు చేతులు చంకల్లో దోపుకుని నడుస్తున్నాడు.

మార్కండేయులు ఇల్లు కాలవ అవతల. ఎవర్నీ ఎప్పుడూ రమ్మనేవాడు కాదు గనక కొట్టువాళ్లెవరూ ఆ గడప చూసి ఎరగరు. దారి అడుగుతూ అడుగుతూ పట్టుకునేసరికి భోజనాల వేళయింది. తలుపు ఓరగా తీసి ఉంది. లోపల పెద్ద సందడి.

అంకమ్మరావు పిలుద్దామని నోరు తెరిచాడు. తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది. తరవాత చంకల్లోంచి చేతులు తీసి, భార్య వైపు తిరిగి, రెండూ చాచాడు.

"పిల్లని ఇటియ్యి."

పున్నమ్మ బిత్తరపోయి బిడ్డని ఆ చేతుల్లో పెట్టి, ఏమైందోనని అతని భుజం మీంచి లోపలికి తొంగిచూసింది.

చావిట్లో విస్తళ్ల ముందు ఒకే వరసలో కూచుని ఉన్నారు సోమవారం ముక్కుపుడకావిడ, బుధవారం కళ్లజోడావిడ, శుక్రవారం చేతికర్రావిడ. "నువ్వు తినవే అమ్మా, నువ్వు వేయించుకో అత్తా, పిన్నీ నీకు ఇంకాస్త," అంటూ వాళ్లకి ఆ మంచి చేత్తోనే పప్పు వడ్డిస్తున్నాడు మార్కండేయులు.