నాలుగో చోటు

"మీ టీమ్ సెమీఫైనల్ ఆడటానికి లేదు నగేష్," అన్నాడు సాలమన్.

నగేష్ పెదవుల దాకా తెచ్చుకున్న టీ గ్లాసు అక్కడే ఆగిపోయింది.

"గదేంది సార్? ఒక్క మ్యాచ్ గూడ ఓడలే మేము. అందరికన్న పైనున్నం."

"ఉన్నారు, కాదన్నదెవరు? కానీ పోయినేడు మీరు బి డివిజన్‌లో ఆడారు. ఈ ఏడే ఎ డివిజన్‌కి వచ్చారు. కింద నుంచి వచ్చిన టీమ్ మొదటి రెండేళ్ళు లీగ్ మ్యాచ్‌లు ఆడొచ్చుగానీ సెమీస్‌కి పనికిరాదు. మన రూలు అది."

"మరి మొదట్లనే చెప్పొద్దా?"

"చెప్పాను. ఇంత దూరం వస్తామని మీరే అనుకోలేదు. అందుకే చెవిన పడలేదు."

దోహాలో కంపెనీల జట్లన్నీ కలిసి శుక్రవారాలు ఆడుకునే ఫుట్‌బాల్ లీగ్ అది. దానికి సెక్రటరీ సాలమన్. అమలాపురం మనిషి, ఓ కన్‌స్ట్రక్షన్ కంపెనీ ఆఫీసులో అకౌంటెంట్. నగేష్‌ది జగిత్యాల వైపు. అదే కంపెనీ సైటులో కాంక్రీటు పోతకి చెక్క అచ్చులు బిగించే షట్టరింగ్ కార్పెంటర్, సైటు టీమ్‌కి కెప్టెన్. ఆఫీసు వాళ్ళకి వేరే టీమ్ ఉంది. దాని మేనేజరూ సాలమనే.

ఆ సంగతి గుర్తొచ్చేసరికి నగేష్‌కి ఒళ్ళు మండిపోయింది.

"సమజైంది సార్. సెమీస్‌ల నాలుగు టీములు. మూడు ఖాయమైనయి. మేం పక్కకు జరిగితే నాలుగో చోట్ల మీ ఆఫీసు టీమ్ కూసుంటది. అందుకే గదా ఈ రూలు?"

సాలమన్ ముఖం ఎర్రబడింది. దోహాలోని ఫరీజ్ అబ్దుల్ అజీజ్ పేటలో అతనుండే చిన్న ఇల్లది.

వంటగది గుమ్మంలోంచి అతని భార్య దయమ్మ అంది, "ఒక్కసారికి ఆడనివ్వకూడదేంటండీ? పగలంతా ఎండలో చాకిరీ చేసొచ్చి ఆడుతున్నారు పాపం."

"ఈసారి వీళ్ళని రానిస్తే వచ్చే ఏడు ఇంకొకడొచ్చి గుమ్మంలో నించుంటాడు. నేను వేరే కంపెనీల వాళ్ళకీ జవాబు చెప్పుకోవాలి దయా." నగేష్ వైపు తిరిగాడు. "ఒక్క దారుంది. నాలుగో చోటుకి అర్హత ఉన్న టీమ్ లేకపోతే పైకొచ్చిన టీమ్‌ని తీసుకోవచ్చు. అదీ రూలే. రేపు మా ఆఫీసు టీమ్‌కి ఆఖరి మ్యాచ్. మిగతా టీములకి ఎలాగూ పాయింట్లు చాలవు. గెలిస్తే మేం వెళ్తాం. ఓడితే మీరు."

"మీరు ఓడాల్నని మొక్కుకోమంటరా?"

"మొక్కుకో. నేను మాత్రం గెలవమనే చెప్తా మావాళ్ళకి."

నగేష్ టీ తాగకుండానే లేచి వెళ్ళిపోయాడు.

పనివాళ్ళుండే క్యాంప్‌లో సంగతి తెలిసి గోల్‌కీపర్ మల్లన్న నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. ఊళ్ళో కబడ్డీ ఆడినవాడు, ఇక్కడికొచ్చాకే బంతి పట్టాడు. లీగ్ అంతా కంకర ఏరేసిన మట్టి నేల మీదే ఆడటంతో అతని మోచేతులు చెక్కుకుపోయి ఉన్నాయి. సెమీస్ నుంచి ఆట స్టేడియంలో, పచ్చగడ్డి మీద.

"ముత్తవ్వకు ఫోన్‌ల చెప్పిన తమ్మీ. మా ఊరోళ్ళకు గల్ఫంత దుబాయే గదా. దుబాయ్‌ల స్టేడియంల ఆడుతున్నడు మా ఆయన అని ఊరంత చెప్పిందట. ఇప్పుడేమని చెప్పాలె?"

"రేపు ఆఫీసోళ్ళు ఓడిపోయిన్రని చెప్దువు. నడు, చూసొద్దాం," అన్నాడు నగేష్.

శుక్రవారం మధ్యాహ్నం సైటు టీమ్ మొత్తం ముంతజా దగ్గరి మట్టి గ్రౌండుకి వచ్చి గీత పక్కన వరసగా కూర్చుంది. ఎదుటి టీమ్ వచ్చి వార్మప్ చేస్తోంది. ఆఫీసు టీమ్ జాడ లేదు.

సూడాన్ రిఫరీ గడియారం చూసుకున్నాడు. ఇంకాసేపు చూశాడు. గేటు వైపు ఒక్క కారూ రాలేదు. చివరికి చెయ్యెత్తి విజిల్ ఊది, ఎదుటి టీమ్ గెలిచినట్టు చూపించాడు.

ఏం జరిగిందో అర్థం కావడానికి సైటు టీమ్‌కి ఒక క్షణం పట్టింది. తర్వాత మల్లన్న పెట్టిన కేకకి రోడ్డు మీద పోయేవాళ్ళు కూడా ఆగి చూశారు. టీమ్‌లోని నేపాలీ కుర్రాళ్ళు నగేష్‌ని భుజాల మీదికి ఎత్తుకున్నారు. "యల్లా స్టేడియం! యల్లా స్టేడియం!" అని, స్టేడియానికి పదమని అరబ్బీలో అరుస్తూ గ్రౌండంతా తిరిగారు.

అప్పుడొచ్చి ఆగింది టాక్సీ. సాలమన్ ఒక్కడే దిగాడు. తెల్లచొక్కా, టై. ఇక్కడ సెలవు రోజు శుక్రవారమే కాబట్టి చర్చి కూడా ఆ రోజే; ప్రార్థనకి బయల్దేరిన బట్టలు.

నగేష్ భుజాల మీంచి దూకి ఎదురెళ్ళాడు. "నిన్న తప్పుగ మాట్లాడిన సార్. మనసుల పెట్టుకోకుండ్రి. మాకోసమే టీమ్‌ను దించలేదా మీరు?"

"కాదు నగేష్. అంత మంచివాణ్ణి కాదు." సాలమన్ టై ముడి వదులు చేసుకున్నాడు. "రూలు ప్రకారం నాలుగో చోటు మీదే. రిఫరీతో చెప్పి ఇప్పుడే రాయిస్తా."

మళ్ళీ కేకలు, ఈలలు. సాలమన్ నవ్వలేదు.

"మరి మీవోళ్ళు ఏరి సార్?"

"సామాను సర్దుకుంటున్నారు. పొద్దున్నే అందర్నీ ఆఫీసుకి పిలిచి పాస్‌పోర్టులు చేతిలో పెట్టారు. పని లేదు, వెళ్ళిపొమ్మన్నారు."

ఈలలు ఆగిపోయాయి. మల్లన్న దగ్గరికొచ్చి సాలమన్ చెయ్యి పట్టుకున్నాడు. "అయ్యో, ఎంత పనాయె సార్! ఆఫీసోళ్ళందర్నీ పంపిస్తున్నరా?"

సాలమన్ వాళ్ళందరి మొహాల్లోకీ చూసి తల దించుకున్నాడు.

"ఆఫీసొక్కటే కాదు మల్లన్నా, కంపెనీయే మూసేశారు. మీకు సాయంత్రం క్యాంప్‌లో చెప్తారు. సెమీఫైనల్ వచ్చే శుక్రవారం. మనందరి ఫ్లైటు బుధవారం."