బిగబట్టిన దవడ

“నువ్వు కట్టించుకున్న పన్ను గట్టిగానే ఉందమ్మా. దాన్ని పట్టుకున్న దవడ ఎముకే కరిగిపోతోంది,” అన్నాడు శంషాబాద్‌లోని పళ్ల డాక్టరు, ఎక్స్‌రే చూస్తూ. “ఎముక మోయలేనంత ఒత్తిడి పడుతోంది. ఏం కొరుకుతున్నావు?”

కొండమ్మ తన కోడలు శ్రీలతను నీళ్లు తెమ్మని బయటికి పంపింది.

“ఏం కొరుకుత సారూ, అంబలే తాగుతున్న. కొడుకు సచ్చిపోయినకాడికెల్లి నేను, కోడలు ఒక్క అర్రలనే పంటున్నం. నా ఏడుపు ఇంటే అది ఇంకింత కుంగుతది. అందుకే పండ్లు బిగవట్టుకొని పంట. ఇంటి మీదికెల్లి విమానం పోయేటప్పుడే జర ఏడుస్త. గా చప్పుడుల ఇనరాదు.”

డాక్టరు ఎక్స్‌రే పక్కన పెట్టి, ఆమె నోట్లోకి మళ్లీ చూశాడు.

“పన్నైతే పీకకు సారూ. నా కొడుకు కట్టిచ్చిండు.”

శ్రీలత నీళ్లతో వచ్చేసరికి డాక్టరు పళ్ల కొలత తీసుకుంటున్నాడు. “పడుకునేటప్పుడు పళ్లకు నేను చేసిచ్చే తొడుగు పెట్టుకోవాలి. పళ్లు బిగించినా ఎముక మీద భారం తగ్గుతుంది,” అన్నాడు.

శ్రీలత అత్తను బయట కూర్చోబెట్టి, మళ్లీ ఒక్కతే లోపలికి వచ్చింది.

“సార్, అసొంటి తొడుగు నాకు సుత ఒకటి చేయండి. అత్తమ్మకు చెప్పకుండ్రి. విమానం వచ్చేదాంక పండ్లు బిగవట్టకుంటే నాకు సుత ఏడుపు ఆగుతలేదు.”