గుంజ తీసేవాడు

"సంతకానిదేముందండీ, పెడతాను. ముందు తీసేవాణ్ణి చూపించండి" అన్నాడు సత్యదుర్గారావు, ఒప్పుకోలు కాగితం పక్కన కలం పెట్టేసి.

ఆయన రేవులో వలల వాళ్ళకు పెద్ద. ఎదురుగా కూర్చున్న సూర్యప్రకాష్ గ్యాసు కంపెనీ మేనేజరు. నడిసముద్రంలో బావులు తవ్వి, అడుగున గొట్టాలు పరుస్తారట.

"దేన్ని తీసేవాణ్ణండీ?"

"ఏట్లో గుంజలు పాతి వల కట్టేవాడు, రేపు వాటిని తీసేదెవరో ముందే పదిమందిలో చూపించాలండి. ఇది మా రేవు కట్టుబాటు."

"వదిలేసిన గుంజకి తగిలే నా వల ఇలా అయ్యింది బాబూ" అంది పక్కనే చిరుగులు కుట్టుకుంటున్న అచ్చమ్మ. "నెల్లాళ్ళు పొయ్యిమీద కూర లేదు."

"మాకా బెంగ లేదండీ. ఈ బావుల పుట్టుక నుంచి చావుదాకా అయ్యే ఖర్చంతా ఇందులో ఉంది." మేనేజరు లావుపాటి పుస్తకం తెరిచాడు. తవ్వకం, గొట్టాలు, మరమ్మతులు. ప్రారంభోత్సవానికి రిబ్బను, మంత్రిగారికి శాలువా కూడా ఉన్నాయి.

"చావు పేజీ చదవండి బాబూ" అంది అచ్చమ్మ.

చదివాడు. "బావుల మూసివేత, గొట్టాల తొలగింపు: తదుపరి నిర్ణయించబడును."

పుస్తకం రాసింది తనే. ఆ పేజీ పైకి చదవడం మాత్రం అదే మొదలు.

"పాతికేళ్ళ తర్వాత మాట కదండీ" అన్నాడు గొంతు తగ్గించి. "అప్పటికి ఎవరుంటారో!"

"ఆయ్, నిజమేనండి." సత్యదుర్గారావు కలాన్ని మేనేజరు జేబుకి తగిలించాడు. "అప్పుడుండేవాణ్ణి రమ్మనండి. అప్పటి పెద్ద సంతకం పెడతాడు."

"ముహూర్తం వచ్చే నెలేనండీ!"

అచ్చమ్మ దారం కొరికింది. "శాలువా కప్పించుకునేవాణ్ణి ఇప్పుడే వెతికి పెట్టుకున్నారు కదా బాబూ. అదే చేత్తో తీసేవాణ్ణీ వెతకండి."